కాలువలో కొట్టిన ఊఁ

రాయి వచ్చింది. నల్లరాయి. మూడడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు, అంత నునుపు. మందిరం మెట్ల పక్కన గోనె సంచులు పరిచి పడుకోబెట్టారు. దాని మీద ఇంకా ఒక్క అక్షరం కూడా చెక్కలేదు. చెక్కాల్సినవి కాగితం మీద రాసి అయ్యగారు మేస్త్రి చేతిలో పెట్టారు.

అయ్యగారంటే ఇప్పుడున్న పాస్టరు. ముప్ఫై రెండేళ్ళవాడు. ఈ బాప్తిస్టు సంఘానికి ఐదో కాపరి. మాట మెత్తన, నడక మెత్తన, చెయ్యి కలిపితే అదీ మెత్తన. మేస్త్రికి డెబ్భై ఎనిమిది. పునాది నుంచి మూడో అంతస్తు పిట్టగోడ దాకా అతని తాపీ తగలని గోడ ఆ మందిరంలో లేదు. వచ్చే నెలకు సంఘానికి యాభై ఏళ్ళు నిండుతాయి. స్థాపక సభ్యుల పేర్లు చెక్కించిన రాయిని ముఖద్వారం పక్క గోడకు అమర్చాలని కమిటీ తీర్మానించింది. అమర్చేది మేస్త్రే అని కూడా తీర్మానించింది. అతన్ని మాత్రం అడగలేదు.

మేస్త్రి కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. ఏడు పేర్లు. ఏడోది తనది. కాగితం తిప్పి వెనక చూశాడు. వెనక ఏమీ లేదు.

"మా ఆవిడ పేరేది?" అన్నాడు.

అయ్యగారు నీళ్ళు నమిలారు. రిజిస్టరులో ఉన్నవే రాశామన్నారు. స్థాపక సభ్యులంటే మొదటి రోజు ముంచుడు బాప్తిస్మం తీసుకున్నవాళ్ళేనట. అమ్మగారి పేరుకు ఎదురుగా తారీఖు గడి ఖాళీగా ఉందట. ఆమె సేవను ఎవరూ కాదనరట. కావాలంటే కింద ఉన్న పిల్లల గదికి ఆమె పేరు పెట్టవచ్చట.

"ఆ గదికి మూడే గోడలు," అన్నాడు మేస్త్రి. "నాలుగోది మీరు అడ్డం పెట్టిన రేకు. ముందు గోడ కట్టించండి, తర్వాత పేరు చూద్దాం."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమె పేరు లేకుండా రాయి గోడకెక్కదని చెప్పి మెట్లు దిగి వచ్చేశాడు.

అసలీ సంఘం పుట్టింది ఒక గొడుగు చిరుగులోంచి. అప్పట్లో మేస్త్రి ఇల్లు రెండు గదులు. ముందు గదిలో భార్య కుట్టుమిషను, వెనక గదిలో పొయ్యి, మంచం. ఒక వానాకాలం సాయంత్రం తెల్లచొక్కా మనిషి ఒకాయన గుమ్మంలో నిలబడి, ఈ గొడుగు బాగవుతుందా అమ్మా అని అడిగాడు. ఊరూరూ కాలినడకన తిరిగి వాక్యం చెప్పే బోధకుడు. గుడ్డకు అతుకు వేసేంతసేపూ ఆయన మాట్లాడాడు, ఆమె వింది. అతుకు వేయడం అయిపోయాక కూడా వింది. వచ్చే గురువారం మళ్ళీ రమ్మంది. ఆయన వచ్చేసరికి ఇరుగూ పొరుగూ పదిమందిని పోగేసి కూర్చోబెట్టింది.

మేస్త్రి దానికి గొడుగు సభ అని పేరు పెట్టాడు. బోధకుడికి గొడుగాయన అని పెట్టాడు. ఆ పేర్లే వీధంతా స్థిరపడ్డాయి. గురువారం పని నుంచి వస్తే సొంత ఇంట్లో కాలు పెట్టే చోటుండేది కాదు. వీధి అరుగు మీద కూర్చుని కాళ్ళకంటిన సిమెంటు గీక్కునేవాడు. లోపల గుడ్డపేలికల మధ్య మోకాళ్ళూనిన వాళ్ళకు గుండుసూదులు గుచ్చుకునేవి. మీ సభలో ఆమెన్ కన్నా అమ్మో ఎక్కువ వినబడుతోందే అని బయటి నుంచే వెటకారం ఆడేవాడు. ఆమె నవ్వేది, మర్నాడు నేలంతా తడిమి సూదులు ఏరేది. దేవుడి మీద అతనికి కోపమూ లేదు, ఆయనతో పనీ లేదు.

రెండేళ్ళు అలా గడిచాయి. అప్పుడు బాప్తిస్టు సంఘాల సమాఖ్య వాళ్ళు గొడుగాయనకు ఉత్తరం రాశారు. ముంచుడు బాప్తిస్మం పొందినవాళ్ళు ఏడుగురుంటేనే మీది సంఘం, తక్కువైతే అది ఉత్త ప్రార్థన కూడిక అన్నారు. పసిపిల్లల నెత్తిన నీళ్ళు చిలకరించే పద్ధతి కాదు వీళ్ళది. పెద్దయి, నమ్మి, నమ్మానని నోటితో చెప్పినవాణ్ణే నిలువునా నీళ్ళలో ముంచుతారు. నోటితో చెప్పకపోతే అది స్నానమే గాని బాప్తిస్మం కాదు. సిద్ధపడినవాళ్ళు ఆరుగురు తేలారు. ఆస్పత్రిలో పక్కలు మార్చే ఆయా, రైలు గేటు కాపలా మనిషి, అతని తల్లి, చెప్పులు కుట్టే అన్నదమ్ములిద్దరు, మేస్త్రి భార్య దగ్గర కుట్టుపని నేర్చుకునే ఇరవయ్యేళ్ళ అమ్మాయి. ఏడోది మేస్త్రి భార్య. లెక్క సరిపోయింది.

కాలువకు మేస్త్రి ఎందుకు వెళ్ళాడంటే, ఆమె రమ్మంది గనక. నీళ్ళలో ఉరవడి ఉంది, ఎవరైనా కాలు జారితే పట్టుకోవడానికి మగమనిషి ఉండాలంది. గట్టు మీద పాతిన గుంజకు తాడు కట్టి, రెండో కొస చేత్తో పట్టుకుని, ఛాతీలోతు నీళ్ళలో దిగి నిలబడ్డాడు. దిగేవాళ్ళు ఆ తాడు పట్టుకుని నడిచి వెళ్ళాలి. గొడుగాయన అతనికి నాలుగు గజాల ఎగువన నిలబడి ఒక్కొక్కరినీ ముంచాడు. ఆమె గట్టు మీద ఉంది. ఆడవాళ్ళు బట్టలు మార్చుకోవడానికి దుప్పటి అడ్డం పట్టాలి, తువ్వాళ్ళు అందించాలి. ఆ పని ఇంకొకరికి చెప్పలేదు. తన వంతు ఆఖరున పెట్టుకుంది.

ఆరో మనిషి గట్టెక్కేసరికి నీళ్ళ రంగు మారింది. ఎగువన లాకుల దగ్గర తలుపులెత్తినట్టున్నారు, బురదనీళ్ళు హోరుమని దిగాయి. చూస్తుండగానే ఛాతీ దాటి భుజాలకొచ్చాయి. గొడుగాయన గట్టు వైపు చూశాడు. అక్కడి నుంచి ఎవరో ఏదో అన్నారు. ఆయన తాడు పట్టుకుని మేస్త్రి దగ్గరికి వచ్చాడు. పెద్దాయన, పట్టు తప్పి పోతాడేమో అని మేస్త్రి రెండో చేత్తో ఆయన్ని పట్టుకున్నాడు. ఆయన చెవి దగ్గరగా ఏదో అడిగాడు. హోరులో చివరి ముక్కే వినబడింది. "...కున్నావా?"

తాడు పట్టుకున్నావా అని అడుగుతున్నాడనుకున్నాడు మేస్త్రి.

"ఊఁ," అన్నాడు.

అంతే. ఒక చెయ్యి వీపు మీద, ఒక చెయ్యి ముక్కు మీద. ఆకాశం పోయి బురద వచ్చింది. పైకి లేచేసరికి నోటినిండా నీళ్ళు, నాలుక చివర బూతు. నీళ్ళుండబట్టి బూతు ఆగింది. గట్టు మీద ఆరుగురూ పాట ఎత్తుకున్నారు.

ఏమిటిదని గట్టెక్కాక అడిగాడు. నమ్ముకున్నావా అని అడిగాను, ఊఁ అన్నావు గదయ్యా, అన్నాడు గొడుగాయన. మేస్త్రి చెప్పబోయాడు. నోరు తెరిచాడు కూడా. ఎదురుగా భార్య నిలబడి ఉంది, చేతిలో తువ్వాలు. ఏడుస్తోంది, నవ్వుతోంది. పెళ్ళినాడు కూడా ఆ ముఖం అలా లేదు. అది చూసి నోరు మూసుకున్నాడు. ఆ మూసుకున్న నోరు యాభై ఏళ్ళు తెరవలేదు.

ఆ సాయంత్రం గొడుగాయన కుట్టుమిషను బల్ల మీద రిజిస్టరు పెట్టి ఏడు పేర్లు రాశాడు. ఎనిమిదో వరసలో ఆమె పేరు రాసి, తారీఖు గడి వదిలేశాడు. మరి నీదో అని మేస్త్రి అడిగితే, నాకేం తొందర, కాలువ ఎక్కడికీ పోదుగా అంది. ఆరు నెలలకు గొడుగాయన వేరే ఊళ్ళ పని మీద పోయి, అక్కడే జ్వరంతో పోయాడు.

సంఘం పెరిగింది. మొదట రేకుల షెడ్డు, పన్నెండు బల్లలు. తర్వాత ఇటుక గోడల హాలు. వేదిక కింద బాప్తిస్మపు తొట్టి. ఎనిమిదడుగుల పొడుగు, నాలుగడుగుల లోతు, దిగడానికి మూడు మెట్లు, పైన తీసి పెట్టుకునే పలకలు. దాన్ని మేస్త్రి ఒక్కడే కట్టాడు, మూలలు గుండ్రంగా తిప్పి పూత పూశాడు. మూడు రోజులు నీళ్ళు నింపి ఉంచితే పెన్సిలు గీత నుంచి వెంట్రుకవాసి దిగలేదు. తర్వాత మేడ వచ్చింది. మేడ మీద మేడ వచ్చింది. మైకులు వచ్చాయి, ఆదివారం రెండు ఆరాధనలయ్యాయి. వాళ్ళు పైకి చూసి పాడేవాళ్ళు. తను మట్టం చూసుకునేవాడు. నాది కట్టుబడి పని, అంతే, అని తనకు తాను చెప్పుకున్నాడు.

ఆమె తొట్టిలో దిగలేదు. తొట్టి పూర్తయ్యేనాటికి కడుపుతో ఉంది. తర్వాత బిడ్డ, బిడ్డకు జబ్బు, మిషను పని. రెండో పాస్టరు అడగలేదు. ఆమె ముందు నుంచీ ఉన్న మనిషి, ఆమె బాప్తిస్మం గురించి అడగాలని ఎవరికి తోస్తుంది? మిగతా వాళ్ళందరూ బాప్తిస్మానికి వేసుకున్న తెల్ల అంగీలూ ఆమే కుట్టింది. సభ్యుల కూడికలో చెయ్యెత్తేది. ప్రతి నెలా ప్రభుబల్ల రోజు, బాప్తిస్మం అయినవాళ్ళు మాత్రమే రొట్టె, రసం తీసుకునే రోజు, గిన్నెలు కడిగి, రసం పోసి పళ్ళెంలో సర్దేది ఆమే.

సంఘం పెట్టిన ఇరవయ్యో ఏట మూడో పాస్టరు వచ్చాడు. మేస్త్రి అతనికి రిజిస్టరయ్య అని పేరు పెట్టాడు. అతను పాత పుస్తకాలు దుమ్ము దులిపి, ఖాళీగా ఉన్న గడి మీద వేలు పెట్టి, మీ బాప్తిస్మం ఎప్పుడైందమ్మా అని ఆమెను అడిగాడు. కాలేదండీ, అంది. ఒక్క మాట. ఏ మరిచిపోయాననో, కాలువలో అయిందనో అంటే అతను రాసుకుని వెళ్ళిపోయేవాడు. పోనీలెండి, వచ్చే ఆదివారం తొట్టిలో దిగండి అన్నాడు. సరేనంది.

ఆ వారం మిషను మీద తెల్ల అంగీ చూసి, ఎవరికని అడిగాడు మేస్త్రి. నాకే, అంది.

అతను ఒంటికాలి మీద లేచాడు. నువ్వు కన్న సంఘంలో నువ్వు పదహారేళ్ళ పిల్లల వెనక వరసలో నిలబడతావా? కన్నతల్లికి బిడ్డలు పరీక్ష పెడతారా? నువ్వు అందులో దిగిన రోజున సమ్మెట తీసుకుని ఆ తొట్టి పగలగొడతాను, కట్టినవాణ్ణి నేను, అన్నాడు. ఆమె వాదించలేదు. అంగీ కుట్లు విప్పి ఇంకొకరి కొలతకు కుట్టింది. సంఘం మీద కోపం అనే అనుకున్నాడు అతను. అసలు సంగతి వేరు. ఆమె అందరి ముందూ నిలబడి గట్టిగా చెబుతుంది, నమ్మానని. నమ్మకుండానే మునిగిన తను అది వినాలి, తొట్టి పక్కనే కూర్చుని.

అప్పటి నుంచి ఆమె కూడికల్లో చెయ్యెత్తలేదు. బల్ల రోజున పళ్ళెం తన ముందుకొస్తే తీసుకోకుండా పక్కవాళ్ళకు అందించేది. తనే సర్దిన పళ్ళెం. ఆ పక్కవాడు మేస్త్రి. అతను తీసుకునేవాడు. ఇరవై ఆరేళ్ళు. మధ్యలో మళ్ళీ ఒకసారి అడిగింది, దిగనా అని. అతను తాపీ తీసుకుని పనికి వెళ్ళిపోయాడు. తర్వాత ఊపిరితిత్తులు పాడయ్యాయి, చన్నీళ్ళు తగలకూడదన్నారు డాక్టర్లు. నాలుగేళ్ళ కింద పోయింది. సమాధి దగ్గర నాలుగో పాస్టరు ఆమెను మన సంఘ మిత్రురాలు అన్నాడు. సభ్యురాలు కాదట, మిత్రురాలట.

కాగితం తీసుకుని వచ్చేసిన రెండు రోజులకు అయ్యగారే మేస్త్రి ఇంటికొచ్చారు. కుర్చీ అంచున కూర్చుని, ఒక దారుందన్నారు. గొడుగాయన హడావుడిలో తారీఖు వేయడం మరిచిపోయి ఉండవచ్చు గదా. ఆ రోజు అక్కడున్నవాళ్ళలో బతికున్నది ఇద్దరే, మీరూ, టైలరమ్మగారూ. అమ్మగారు మునగడం చూశామని ఇద్దరూ ఆదివారం సభ్యుల కూడికలో చెబితే చాలు, తీర్మానం చేసి రిజిస్టరులో తారీఖు వేసేస్తాం, రాయి మీద ఎనిమిదో పేరు చెక్కిస్తాం, అన్నారు. నేను మిమ్మల్ని ఏమీ చెప్పమనడం లేదు, గుర్తు చేసుకోమంటున్నానంతే, అని కూడా అన్నారు.

టైలరమ్మంటే ఆనాటి ఇరవయ్యేళ్ళ అమ్మాయే. ఇప్పుడు డెబ్భై. బజారులో సొంత కొట్టు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, నోట్లో ఎప్పుడూ రెండు గుండుసూదులు. మేస్త్రి వెళ్ళి సంగతి చెప్పాడు. ఆమె సూదులు తీసి మెత్తకు గుచ్చింది.

"వదిన మునగలేదు గదా అన్నయ్యా."

"నాకు తెలీదా?"

"నన్ను అబద్ధమాడమంటున్నావు. మందిరంలో."

"అబద్ధమే. నేనూ ఆడతాను."

ఆమె మిషను మీదున్న కత్తెర తీసి పక్కన పెట్టింది. నాకు కత్తెర పట్టడం నేర్పింది వదిన, అంది. ఆడతానులే, దేవుడికి నేను చెప్పుకుంటాను, నీ సంగతి నువ్వు చూసుకో అంది.

ఆదివారం ఆరాధనయ్యాక సభ్యులు మిగిలారు. రెండు వందల పైచిలుకు. వేదిక మీద బల్ల దగ్గర అయ్యగారు, పక్కన మినిట్సు పుస్తకంతో కార్యదర్శి. కార్యదర్శి మేస్త్రి అల్లుడే. నీటి శాఖ ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో మాట్లాడినా తీర్మానం చదివినట్టే మాట్లాడతాడు. కూతురు పాటల బృందంలో ముందు వరసలో కూర్చుంది.

అయ్యగారు విషయం చెప్పారు. టైలరమ్మ లేచింది.

"మునిగింది. నా కళ్ళతో చూశాను," అంది. "అందరికన్నా ఆఖరున దిగింది. గట్టెక్కాక చలికి వణికిపోతుంటే తువ్వాలిచ్చింది నేనే."

బాగా చెప్పింది. వెనక బల్లల్లో ఎవరో స్తోత్రం అన్నారు. ఇక మేస్త్రి లేచి, అవును, నేనూ చూశాను, అనడమే మిగిలింది. లేచాడు.

తువ్వాలు దగ్గర ఆగిపోయాడు. తువ్వాలిచ్చింది తన భార్య. అందుకుంది ఈమె. వణికిందీ ఈమే. ఆమె ఒంటిమీద ఆ రోజు చుక్క నీరు పడలేదు. ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఇరవై ఆరేళ్ళు పళ్ళెం దాటించే పని ఆమెకు ఉండేది కాదు. ఆడలేదు. ఇప్పుడు తను ఆమె తరఫున ఆడితే ఆ ఇరవై ఆరేళ్ళూ దేనికి?

"మునగలేదు," అన్నాడు.

టైలరమ్మ ఇంకా నిలబడే ఉంది.

మేస్త్రి చెప్పాడు. ఆపకుండా, గొంతు పెంచకుండా, పనివాళ్ళకు కొలతలు చెప్పినట్టు చెప్పాడు. లాకులెత్తడం, తాడు, హోరు, నమ్ముకున్నావా అంటే పట్టుకున్నావా అనుకోవడం, ఊఁ అనడం. అప్పుడూ నమ్మలేదన్నాడు. ఇప్పటికీ ఆ సంగతి తనకు తెలియదన్నాడు. నమ్మకుండా మునిగితే బాప్తిస్మం కాదని మీరే చెబుతారు గనక, ఆ రాయి మీద నా పేరు తీసెయ్యండి, నమ్మినదాని పేరు పెట్టండి అన్నాడు. ఆమెను తొట్టిలో దిగకుండా ఆపింది కూడా నేనే, అది కూడా రాసుకోండి అన్నాడు.

కొందరు ముసిముసిగా నవ్వారు, తాడు దగ్గర. అయ్యగారి ముఖం పాలిపోయింది. ఆయన తలలో తిరిగేది మేస్త్రికి తెలుస్తూనే ఉంది. ఏడో మనిషి లేకపోతే ఆరుగురే. ఆరుగురైతే ఆనాటికి అది సంఘం కాదు. సంఘం కాకపోతే ఈ యాభై ఏళ్ళు యాభై కావు. ఆహ్వానపత్రాలు పంచేశారు. సమాఖ్య అధ్యక్షుడు వస్తున్నాడు. పందిరికి గుంజలు కూడా దిగాయి.

అల్లుడు కలం మూత పెట్టి లేచాడు.

"మామయ్యగారూ, మీమీద గౌరవంతోనే ఒక్క మాట. మీ బాప్తిస్మం చెల్లదంటున్నారు. చెల్లకపోతే మీరు ఈ సంఘ సభ్యులు కారు. సభ్యులు కానివాళ్ళ మాట ఈ కూడికలో సాక్ష్యం కిందికి రాదు. చెల్లిందంటారా, మీ పేరు రాయి మీద ఉండి తీరాలి. ఏ రకంగా చూసినా రిజిస్టరే ఖాయం."

ఈసారి నవ్వు బాహాటంగానే వచ్చింది. మంచి నవ్వే, పెద్దాయనంటే ఉన్న ప్రేమతో వచ్చిన నవ్వు. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. వినయం ఎక్కువై అలా అంటున్నారు, అంత వయసులో అంత తగ్గింపు ఎవరికుంటుంది, అని సంఘ పెద్ద అయిన ఒక డీకను లేచి పొగిడాడు. అమ్మగారి విషయంలో సాక్ష్యాలు పొసగలేదు కాబట్టి అది వదిలేద్దామన్నారు అయ్యగారు. రిజిస్టరులో ఉన్న ఏడు పేర్లే ఉంచాలని ప్రతిపాదన. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తమన్నారు.

చేతులు లేచాయి. కూతురి చెయ్యి సగం లేచింది, మొగుడు చూశాక పూర్తిగా లేచింది. టైలరమ్మ అతని వైపు చూస్తూనే ఎత్తింది. వద్దన్నవాళ్ళు ఎత్తమన్నప్పుడు మేస్త్రి ఒక్కడే ఎత్తాడు. అల్లుడు ఆ చెయ్యి మీదుగా చూపు తిప్పి, ఏకగ్రీవం అని రాశాడు.

బయట మెట్ల దగ్గర టైలరమ్మ అతన్ని పట్టుకుంది. చెప్పుల్లో కాళ్ళు కూడా సరిగా పెట్టుకోలేదు.

"డెబ్భయ్యేళ్ళకు నీకోసం నోరు పాడుచేసుకున్నాను. నలుగురిలో నిలబెట్టి అబద్ధాలకోరును చేశావు. నీ నోరు అంత శుభ్రమైతే నా కొట్టుకెందుకు వచ్చావు?"

తప్పు మేస్త్రిదే. ఒప్పుకునే అలవాటు లేదు.

"నమ్మలేదట. ఊరికి కొత్త సంగతి చెబుతున్నాడు," అంది. "వదినకు తెలీదనుకున్నావా? నీళ్ళు పెరిగినప్పుడు ఆ పెద్దాయన దిగమని పిలిచింది వదిననే. ఒక్కరికే టైముందన్నాడు. వదిన దుప్పటి వదిలేసి అరిచింది, నన్నొద్దు, ఆయన్ని ముంచండి అయ్యగారూ, ఆయన ఇవాళ నీళ్ళలో ఉన్నాడు, మళ్ళీ దొరకడు, అని. పక్కనున్నాను నేను. నీకు వినబడలేదా?"

"వినబడలేదు."

"వినబడకుండానే ఊఁ అన్నావు."

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దంది. తెలిస్తే మళ్ళీ మందిరం గడప తొక్కడంది."

నిజమే. తొక్కేవాడు కాదు. ఏ గోడా కట్టేవాడు కాదు. ఆమె సరిగ్గానే కొలిచింది. అతనికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. తన స్థలం తీసి మొగుడికిచ్చి, ఆ మొగుడే అడ్డం నిలబడితే కిక్కురుమనకుండా అంగీ కుట్లు విప్పేసిన మనిషి మీద కోపం. ఒక్కసారైనా నోరు తెరిచి, నువ్వు నిలబడ్డ చోటు నాది, జరుగు, అనవచ్చు గదా. అనలేదు. ఇప్పుడు అనదు. పోట్లాడటానికి కూడా మనిషి లేదు.

అల్లుడు పుస్తకం పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. ముఖంలో వెటకారం లేదు, చేసింది మంచి పనే అనుకుంటున్న ముఖం. స్థాపక సభ్యులిద్దరూ తీర్మానం కింద సంతకం పెడితే బాగుంటుందని కమిటీ అభిప్రాయమన్నాడు. టైలరమ్మ పుస్తకం లాక్కుని సంతకం పెట్టి, మేస్త్రి చేతిలో పడేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

పుస్తకం మెట్ల కిందికి విసిరేద్దామనుకున్నాడు మేస్త్రి. చెయ్యి కూడా లేచింది. కాగితం మీద ఏడో పేరు కనబడింది. అది తను రాయించుకున్న పేరు కాదు. గొడుగాయన తనంతట తాను రాసినదీ కాదు. ఆ రాయి మీద ఆమె చేసిన పనంటూ ఏదైనా ఉండబోతే అది ఆ ఒక్క ముక్కే. దాన్ని కొట్టేస్తే అదీ ఉండదు.

"ఎక్కడ?" అన్నాడు.

అల్లుడు వేలు పెట్టి చూపించాడు. మేస్త్రి సంతకం పెట్టాడు. కలం కాగితాన్ని చింపింది. పరవాలేదు మామయ్యగారూ, వెనక అంటిస్తాను, అన్నాడు అల్లుడు.

రాయిని ఇంకెవరో తాపీ పనివాడు వచ్చి అమర్చాడు. ఎడమ పక్కకు కాస్త వాలింది. మేస్త్రి చూశాడు, చెప్పలేదు.

యాభయ్యేళ్ళ పండుగ ఆదివారం పందిరి నిండిపోయింది. సమాఖ్య అధ్యక్షుడు తెర లాగాడు. పేర్లు మైకులో చదివారు. ఒక్కో పేరుకూ ఆ కుటుంబం వాళ్ళు లేచి నిలబడ్డారు. టైలరమ్మ లేచి వెంటనే కూర్చుంది, అతని వైపు చూడలేదు. ఏడో పేరు చదివాక అయ్యగారు ఆగి, ఈ మందిరాన్ని తన చేతులతో కట్టిన విశ్వాసవీరుడు అన్నారు. అందరూ చప్పట్లు కొట్టండి అన్నారు.

కూతురు చెయ్యి పట్టి లేపింది. మేస్త్రి లేచి నిలబడ్డాడు. పక్క కుర్చీ ఖాళీగా ఉంటే ఎవరో పిల్లవాణ్ణి దాని మీద నిలబెట్టి చూపిస్తున్నారు, అదుగో ఆ తాతే అని. చప్పట్లు ఆగితే కూర్చోవచ్చు. చాలాసేపు కొట్టారు.